ఒడిసెల

శమాల్ గాలి లేస్తే అల్ ఖోర్‌ల నా పని మొదలైతది.
పద్నాలుగు డిష్షులు, ఒక్కోటి గరిసెంత.
నిచ్చెనెక్కి తడి గుడ్డతోని
నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు.
దుబ్బ నా పండ్ల కింద గూడ కరకరమంటది.

"ఇదేం గాలి భూమన్నా," అన్నది షెరీనా మేడం.
కోజికోడ్ మనిషి, కంప్యూటర్ల ముంగట రాత్రి డ్యూటీ,
మా ఇద్దరి నడుమ వచ్చీరాని హిందీ.
"అసలు గాలి సూర్యుని కాడ లేస్తది.
దుమ్ముండదు, సప్పుడుండదు.
ఒకటి అనేలోపల దోహాల ఉన్నది మస్కట్‌ల ఉంటది.
అయినా మనదాంక రావాలంటే
రెండు దినాల మీద సగం."

భూమి సుట్టు కండ్లకు ఆనని వడ్డాణం ఉందట.
అండ్ల ఎలక్ట్రాన్లు
ఉత్తరానికి ఉరికి, మర్రి, దక్షిణానికి ఉరికి,
గట్లనే తూర్పుకు జరుగుకుంట.
గాలి తాకిన తొలిపూట వడ్డాణం ఒలికిపోతది,
చాటల గింజలు అంచు దాటినట్టు.
ఇగ అయిపోయిందనుకుంటం.
మూడో దినం నిండుతది, ఎన్నడు లేనంత.

"ఎవలు నింపుతరు మేడం?"
హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది.

గిజిగాళ్లు!
తెల్లారుగట్ల జొన్నచేన్ల దిగిన గిజిగాళ్లు,
వెయ్యి గొంతులు, కింది నుంచి మీదికి లేసే కూత.
"పిట్టలు గావు, అలలు," అని నవ్వింది.
"ఇవే వాటిని గిరగిర తిప్పి దూకుడు పెంచుతయి."

పదేండ్లప్పుడు మంచె మీద నిలవడి
పిట్టల మీదికి ఒడిసెల తిప్పినోణ్ని నేను.
ఆడ పిట్టలే ఒడిసెల తిప్పుతున్నయి.
రాయి సన్నం. వెలుతురుతోని పందెం కడ్తది.
ఉపగ్రహం గోడల దూరి, లోపల్నే కూసుండి,
కుప్పై కుప్పై
ఒకనాడు చిటుక్కుమంటది.

శుక్రవారం రాత్రి మా క్యాంపుల టీవీ నల్లగయింది.
సీరియల్ల అత్త చెయ్యెత్తింది,
కొట్టిందో లేదో ఎవ్వలికి తెల్వదు.
నలభై నిమిషాలు. అందరు నా దిక్కే సూశిన్రు.
"డిష్షు సక్కగ తుడువలేదా?"
బుచ్చిలింగమైతే నా గుడ్డ గుంజుకొని వాసన జూశిండు.
పిట్టలు రాయి కొట్టినయంటే
వంటమనిషి గూడ నవ్విండు.

సూర్యుని ఒంటి మీద తూటొకటి ఉందట,
ఇరవై ఏడు దినాలకు తిరిగి మన దిక్కే వస్తదట.
క్యాలెండర్ల పెన్సిల్ గీత పెట్టిన.
జీతం రెండు నెలలు తప్పింది,
అది తప్పలే.

గీత దాటినంక మూడో దినం
ఇంక చీకటుండంగనే మిద్దెక్కిన.
తెగిన క్రేను తాడుతోని పేనిన ఒడిసెల,
చెయ్యి మర్వలే.
తిప్పుతుంటే ఊఁ... అని మోగింది.
ముంగట చేను లేదు, పిట్ట లేదు,
పద్నాలుగు డిష్షులు మొగమెత్తుకొని ఉన్నయి.

రాయి విడువలే.
ఊకె తిప్పుకుంట, మీదికి చెవివెట్టి ఉన్న.