ముప్పై ఏడో సీసా

తుర్నోవ్‌లో మంచు కురిసే రాత్రుళ్లు
కొలిమి గది ఒక్కటే వెచ్చన.
లోపల పదకొండు వందల డిగ్రీలు,
కంటికి ఆనని గోమేధికాలు.

ఈ ఊరు తరతరాలుగా గోమేధికాలు సానబట్టి బతికింది.
నేను చేసేదీ గోమేధికమే,
కాకపోతే నెత్తురు రంగు లేదు, ఉంగరంలో ఇమడదు,
వెంట్రుక మందంలో రెండు వేలు వరసగా పడుకుంటాయి.
లుటీషియం, అల్యూమినియం,
చిటికెడు కూడా కాదు, చిటికెలో వందో వంతు సీరియం.
వాటికి పని ఒక్కటే:
ఎక్స్‌రే వచ్చి తలుపు తడితే
పచ్చగా పలకాలి.

పెద్ద స్ఫటికం పలుకుతుంది.
పొడి అలా కాదు. పొడికి ఒళ్లంతా చర్మమే.
లోపల పుట్టిన వెలుగు అంచుదాకా వచ్చి
ఏదో ఒక పగులులో కాలుజారి
వేడైపోతుంది, ఎవరికీ చెప్పకుండా.

జ్దిస్లావా మా గాజు సామాను కడుగుతుంది.
అంతకుముందు నలభై ఏళ్లు సాన ముందు కూర్చున్న మనిషి.
నా సీసాలు నీలి దీపం కింద తిప్పి చూసి
"ఇది నిద్రపోతోంది. ఇదీ నిద్రపోతోంది" అంటుంది,
రాళ్లు ఏరేసేటప్పటి గొంతుతో.
"పైన ఇంకో పొర కట్టు, చలేస్తోందేమో."
నవ్వాను. మూడు నెలల కిందటే కట్టాను మరి,
సీరియం లేని ఒట్టి గోమేధికపు పొర.
కొంచెం మెరుగు. కొంచెమే.
ఎక్కువ కాలిస్తే ఒకదాన్నొకటి కరుచుకుని
అడుగంటిన అన్నంలా గడ్డలు.

ముప్పై ఏడో సీసా వెలిగింది.
ఓత్మార్ కేక పెట్టాడు, నేను పెట్టలేదు.
కిరణం ఆపేశాక కూడా అది వెలుగుతూనే ఉంది,
వెళ్లొస్తామని చెప్పి
గుమ్మంలో గంటసేపు మాట్లాడే చుట్టంలా.
అందం అనుకోకండి.
మొదటి బొమ్మ నీడ రెండో బొమ్మ మీద పడుతుంది,
ఊపిరితిత్తిలో లేని మచ్చ కనిపిస్తుంది,
ఒక డాక్టరు ఆ మచ్చను నమ్మితే

ఆ వాక్యం నేను పూర్తి చెయ్యను.

లిబెరెత్స్ ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల వార్డులో
రాదానా అనే నర్సు ఓసారి నాకు చూపించింది
తొమ్మిది వందల గ్రాముల మనిషిని.
ఇంకా పేరు పెట్టలేదు, పెట్టెకి నంబరుంది.
"పదహారు రోజులు, ఇరవై రెండు ఎక్స్‌రేలు" అంది,
చీటీ మీద గీతలు వేలితో లెక్కపెట్టి.
మిషను మోగే ముందు ప్రతిసారీ
తను నాలుగడుగులు వెనక్కి వేస్తుంది.
వాడు వెయ్యలేడు.

వాడి మీద పడేవి సగం కావాలి, ఆ సగంలో సగం కావాలి.
వాడిని దాటి వచ్చిన ప్రతి ఒక్కటీ పలకాలి,
పలికి ఊరుకోవాలి.

నలభై మూడో సీసాలో మెగ్నీషియం వేశాను,
కూరలో ఉప్పు పడిందా లేదా అన్నంత.
వెలుగు కాస్త తగ్గింది.
కిరణం ఆగగానే ఆగిపోయింది.
జ్దిస్లావా పెదవి విరిచింది:
"ముప్పై ఏడే నయం."
ఉంగరానికైతే నిజమే.

మూత బిగించి తేదీ రాశాను.
పలచటి రేకుగా పోసి ఆరబెట్టాలి. పరీక్ష గురువారం.
ముప్పై ఏడోది పారెయ్యలేదు, సొరుగులో ఉంది.
ఎప్పుడైనా ఒంటరిగా మిగిలిన రాత్రి
దానికి ఒక్క కిరణం చూపించి, గది చీకటి చేసి
ఎంతసేపు మాట్లాడుతుందో వింటాను.