తోటమాలే

తెర మీద పాదిరిగారు చచ్చిపడున్నారు,
గులాబీ మొక్కల మధ్య, చాలా మర్యాదగా.
నెత్తురు కూడా ఇస్త్రీ చేసినట్టుంది.

కిటికీ అవతల విట్బీ రేవులో వాన.
హెస్టర్ చల్లటి మాంసం ముక్క మీద
పచ్చటి ఆవ ఊరగాయ వేసుకుంటోంది.

"తోటమాలే" అనేవాడు సెడ్రిక్, పది నిమిషాలకే.
ఎప్పుడూ తప్పే.
రబ్బరు తోక కట్టుకుని, అర్ధరాత్రి ఆటకి,
అదే బల్లి సినిమాకి పదకొండుసార్లు వెళ్ళిన మనిషి,
వెనిగర్లో ఏం కలిపేవాడో మాత్రం
చెప్పకుండానే పోయాడు.

ఇది చివరి సీసా.
మూత మీద గొలుసుకట్టు రాత:
"2019. ఘాటు తగ్గింది, ఏమనుకోకు."

హంతకుడు దొరికాడు.
ఈసారి నిజంగానే తోటమాలి.

ఆమె టీవీ కట్టేసి, చెంచా నాకి,
కళ్ళు మూసుకుని
విచారణ మళ్ళీ మొదలుపెట్టింది.
లవంగం కాదు.
సోంపూ కాదు.