ఆరున్నొక్కటి

గునుపురం సంతలో తవిటమ్మ
పరిగెల మీద నీళ్లు చిలకరిస్తూ
"పురుగున్నవి ఏరుకుంతావేటి బాబూ, ఇదేటి చదువు!" అంటాది.

గదికొచ్చి మొప్ప విప్పాను.
మైక్రోస్కోపు కింద ఎర్ర దువ్వెన,
దాని పళ్ల సందున
కొక్కేలు దిగేసుకుని
కనురెప్ప వెంట్రుక మొనంత పురుగు.
ఇది ఒడ్డెక్కదు. కొండ దాటదు.
చేపని వదిలితే దీనికి పూట గడవదు.

మొన్న రాయగడలో, నాగావళి పరిగెలో
ఇదే పురుగు. ఇవే కొక్కేలు, చివర ఇదే వంకర.
మధ్యన ఇంత కొండ.
వంశధార ఇటు, నాగావళి అటు,
ఎన్నడూ కలవలేదంటుంది పటం.

పటం నిన్నటిది.
ఏ వానకాలమో, ఏ యుగమో,
కొండ మీది వాగొకటి
ఇటు పారుతూ పారుతూ అటు మళ్లింది.
పరిగె మరిచిపోయింది,
నీళ్లెప్పుడో మరిచిపోయాయి.
మొప్పలో అద్దెకున్నవాడు
ఇల్లే కొట్టుకుపోయినా ఊరి పేరు వదల్లేదు.

మర్నాడు మళ్లీ సంత.
తవిటమ్మ ఎవరితోనో ఒడియాలో బేరమాడింది,
ఒడియాలోనే తిట్టింది,
చేపలు సంచిలో వేస్తూ మాత్రం
"లాభం, రెండు, మూడు..."
ఆరు తర్వాత ఆగి, "ఆరున్నొక్కటి."
ఏడు అనదు.
ఎవరు నేర్పారంటే
తడి చెయ్యి చీరకి తుడుచుకుని,
"ఎవురూ నేర్పనేదు. నోట్లో ఉండిపోనాది."