ఎనభై ఏడో వరుస

నాలుగు వందల పన్నెండో వరుసలో తప్పుందంటుంది కంపైలరు.
వెళ్లి చూస్తే అక్కడ
ఫైలు చివరి ముగింపు ట్యాగు
చేతులు కట్టుకుని నిలబడి ఉంది, పాపం,
తన పని తాను చేసుకుపోయే మనిషిలా.

అంబత్తూరు ఎస్టేటు, మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లో టప్ టప్‌మంటున్నాయి.
పొద్దున్న ఎగ్మూరు బ్లడ్ బ్యాంకు నుంచి పూంగొడి ఫోను:
"బటన్ కనబడుతోందక్కా. నొక్కితే ఉలకదు, పలకదు."
ఆమె తమిళానికి నా నెల్లూరు చెవి ఒగ్గి విన్నాను.
వెనక ఎవరో ఓ నెగటివ్, ఓ నెగటివ్ అని అరుస్తున్నారు.

బటన్‌ది కాదు తప్పు.
దాని మీద ఒక చట్రం కూర్చుంది, రంగు లేనిది.
వరుస నంబరు చెప్పకపోతే
అందరూ సున్నా వరుసలోకే ఎక్కుతారు,
పాడి జంక్షన్ షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు ఎక్కినట్టు.
కనబడనివాడి బరువు
కనబడేవాడి మీద.

చట్రాన్ని దించి రెండో వరుసలో కూర్చోబెట్టాను.
అప్పుడు మొదలైంది ఈ ఎర్ర గీతల వాన.

ముందు ఇళంగోను తిట్టాను.
మార్చిలో మానేసి వెళ్లాడు, తిట్టడానికి వీలుగా ఉంటాడు.
ఇన్ని మెలికల ఇల్లు ఎవడు కట్టమన్నాడు,
గదిలో గది, ఆ గదిలో ఇంకో గది.
తెరిచిన ప్రతిదానికీ మూత వెతుక్కుంటూ
స్క్రీన్ మీద వేలు ఆనించి పైకి పాకాను.
మూడు వందలు. రెండు వందల నలభై.
టీ చల్లారి మీగడ కట్టింది.

ఎనభై ఏడు.
గంట క్రితం నేనే తెరిచి
మూయకుండా లేచి వచ్చిన తలుపు.
ఒక్క ఏటవాలు గీత, అంతే.
తలకట్టు మరిచిన అక్షరంలా
నోరు తెరుచుకుని ఉంది.
కింది మూడు వందల పైచిలుకు వరుసలూ
అందులోకి జారిపడ్డాయి.
చివర్న నిలబడ్డవాడు దెబ్బలు తిన్నాడు.

గీత గీశాను. ఎరుపు ఒక్కసారిగా ఆరిపోయింది.
టైమ్‌షీట్‌లో రాశాను: ఆరు గంటలు, ఒక గీత.
ఇళంగోకి మెసేజ్ మాత్రం పెట్టలేదు.
ఏమని పెట్టను?

నాలుగున్నరకి ఫోన్ చేస్తే
"వస్తోందక్కా ప్రింటు" అంది పూంగొడి.
ఇంతసేపూ చీటీలు చేత్తోనే రాసిందట. నలభై మూడు.
తప్పులేమైనా పోయాయా అని అడిగాను.

"ఒకటి. బీ బదులు ఓ రాశాను.
కొట్టేసి దిద్దలేదక్కా,
చించి కొత్తది రాశాను."