విసినికర్ర మనిషి

తాళం తీసీది నానే.
మునుపది కెమిస్ట్రీ సామాన్ల గది.
ఇప్పటికీ వాన పడితే గోడల్లోంచి
కుళ్ళిన గుడ్డు వాసనొస్తాది.
తిత్లీ గాలికి రేకులెగిరిపోయినాక
మళ్ళీ కప్పేసి, సున్నమేసి
“మానవీయ శాస్త్రాల కేంద్రం” అని బోర్డెట్టినారు.
అది నోరు తిరగడానికి నాకు రెండ్రోజులు పట్టింది.

నోపల ఒకటే బొమ్మ.
నిలువెత్తుది, నూనె రంగులది.
ఏదో పాత దివాణం కూలగొడితే
ఆటో ట్రాలీ మీద దుప్పటి సుట్టి తెచ్చినారు.
ఏడు రోడ్ల కూడలి కాడ దుప్పటి జారి
మీసం బయటపడితే
ట్రాఫిక్కు కానిస్టేబులు తనకి తెలీకండానే
సర్దుకుని నిలబడినాడు.

రిజిస్టర్లో ఇలగుంది:
ఒకటో నెంబరు. జమీందారు గారి చిత్తరువు.
వేసినవారు: తెలియదు.

పేడాడ మేస్టారిదో సాదస్తం.
గంటసేపు ఎవరూ మాటాడకూడదు.
ఫోన్లన్నీ ట్రేలో ఎట్టించి
“చూడండి. అంతే” అంటాడు.
పిల్లలు మీసం సూసినారు,
కత్తి పిడి, మకమలు కోటు, ఏళ్ళ ఉంగరాలు సూసినారు.
పావుగంటకే రాజు అయిపోయినాడు.
ఇంకా ముప్పావుగంట మిగిలింది.

అప్పుడు కరెంటు పోయింది.
సెమటలు కారతా
అందరి కళ్ళూ ఒక్కపాలే ఎల్లినాయి
రాజు ఎనకాల, ఫ్రేము అంచుకి సగం తెగి
విసినికర్ర ఎత్తి నిలబడ్డ మనిషి కాడికి.
ఎవుడో కిసుక్కున నవ్వినాడు.

హైమవతి నవ్వనేదు.
పొందూరు పిల్ల. రెండో సంవత్సరం.
రోజూ బస్సు దిగి పరిగెట్టుకొస్తాది.
లేసి ఎల్లి, ముక్కు తగిలీటంత దగ్గరగా వంగితే
“ఒలే, ముట్టకు!” అని అరిసినాను.
మేస్టారి మౌనం నా నోటే సెడింది.

“ముట్టను” అన్నాది.
“ఈ భుజమ్మీద గుడ్డ మాదే.”

ఏలు గాల్లో తిప్పతా సూపించినాది:
రాజు కోటు సూడండి సార్,
ఒక్క ఎరుపే పులిమీసినాడు, ఒక పూట పని.
ఈ తుండు మీద పోగు పోగూ ఏసినాడు.
ఇది తెలుపు కాదు, పసుపు కలిసిన తెలుపు,
కొండపత్తి రంగు.
ఇక్కడ సన్నం, ఇక్కడ ఉబ్బు.
సేత్తో ఒడికితే ఇలగే వస్తాది.
మా మామ్మ వాలుగ సేప దౌడతో పత్తి ఏకుతాది,
ఆ మెత్తదనం కూడా ఏసీసినాడు,
ఎలగేసినాడో గానీ.

మేస్టారు కుర్చీలోంచి ఎప్పుడు లేసినాడో
నాను సూడనేదు.

మరుసటి శుక్రోరం మామ్మే వొచ్చినాది.
ఒద్దన్నా సెప్పులు బయటే ఇడిసినాది.
రాజు కేసి సూడనేదు.
తుండు కాడ నిలబడి
తన కొంగు రెండేళ్ళ మజ్జిన నలిపి,
బొమ్మ సూసి, మళ్ళీ నలిపి…
పిల్లలు రాసుకుంటన్నారు. మేస్టారూ రాసుకుంటన్నాడు.

“ఎన్ని రోజులు పట్టుంటుందమ్మా?”
“ఏయడానికా? నాకు తెల్దు బాబూ.
ఒడకడానికైతే సెప్తాను.”

ఎల్తా ఎల్తా గుమ్మం కాడ ఆగినాది.
“ఇంతకీ ఏసినోడికి కూలెంతిచ్చినారు?”

మేస్టారు నన్ను సూసినాడు.
నాను రిజిస్టరు సూసినాను.
అందులో ఆ గడి నేదు.

ఆ సాయంత్రం మేస్టారు పెన్సిలు తీసి
“జమీందారు గారి చిత్తరువు” కింద
సన్నంగా రాసినాడు: “ఇంకొకరిది కూడా.”
“వేసినవారు” కాడ పెన్సిలెట్టి
సాలాసేపుంచి, తీసీసినాడు.

ఇన్నాళ్ళూ దుమ్ము దులపడం
మీసం కాణ్ణుంచే మొదలెట్టీవోణ్ణి.

ప్రిన్సిపాలు గదిలో
కాలేజీ వార్షికోత్సవం ఫోటో ఉంది.
కుడి చివర, సెక్రటరీ గారి ఎనకాల,
టీ ట్రే పట్టుకున్న మోచెయ్యొకటి కనపడతాది.
నాదే.
హైమకి ఒకపాలి సూపించాల.
సొక్కా గుడ్డేటో సెప్తాదేమో.