కొయ్య పాదం

నలభయ్యో రోజు కూడా అయిపోయింది, గరెగిన్ అన్నా.
కొట్టు అద్దె ఈ నెలాఖరు దాకానే.
గ్యుమ్రిలో మంచు ఇంకా కరగలేదు.
నల్లరాతి గోడ మీద నీ బోర్డు
ఒక మేకు ఊడి, ఓ పక్కకి ఒరిగిపోయింది.
నువ్వుంటే ఒక్కపూట ఊరుకునేవాడివి కాదు.

తాళం తీస్తే
ముందు జిగురు వాసన, ఆ వెనక నువ్వు.

అటక మీద కొయ్య పాదాలు, ఊళ్లో సగం మందివి.
మడమల మీద పెన్సిలుతో పేర్లు:
రొట్టెల అనుష్, వయొలిన్ మాస్టారు,
బాకీ ఎగ్గొట్టిన డ్రైవరు హమో.
వాడి పేరు కింద మాత్రం రెండు గీతలు.
నవ్వొచ్చింది, ఇన్నాళ్లకి.

నాది అట్టడుగున దొరికింది.
కుడి బొటనవేలి దగ్గర తోలు ముక్క అంటించి,
అరగదీసి, మళ్లీ అంటించి,
నా వేలు ఎంత వంకరో అంతే వంకర.

అప్పుడు నాకు ఆరేళ్లు, నీకు పది.
నీ చేతిలోంచి జారిన ఇనప దిమ్మ.
"అదే మీద పడేసుకుంది" అన్నావు అమ్మతో.
నేనూ ఔనన్నాను.
ఆ మాట మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

ఏటా చలికి ముందు ఒక జత.
కొత్త బూట్లు అందరినీ కరుస్తాయి,
నన్ను ఒక్కసారీ కరవలేదు.
నా అదృష్టం అనుకున్నాను.

ఇవి కిందటేటివి. మడమలు అరిగిపోయాయి.
బజార్లో కుర్రాడు సైజెంత అని అడిగాడు.
నలభై ఏడేళ్లొచ్చాయి,
ఏం చెప్పాలో తెలియక
వాడి ముందు కాలు చాపి
నిలబడ్డాను.