నీటి గీత

దొరగారి చరిత్ర నన్నడిగితే
పడవ పక్క చెక్కల మీద రాసుందంటాను.

మొదటిసారి ఎక్కినప్పుడు
అడుగు నుంచి మూడో పలక దాకా నీళ్లు.
బక్కపలచటి మనిషి,
మెడ చుట్టూ గంజి కుచ్చుల పట్టీ, అదీ అరువుదే.
వొళ్లో ఒకే ఒక్క ఉత్తరం.
రేవు తగలకముందే గెంతాడు,
ఒక జోడు తడిసింది, నవ్వాడు.
"నీ పేరు?" అన్నాడు.
"జోస్ పెండిల్."
"నేను ఎవరార్డ్ థ్రాప్‌ని. ఇంకా ఎవణ్నీ కాను."

థేమ్స్‌కి ఆటుపోట్లుంటాయని
లండన్‌లో పాలు మరవని పిల్లకీ తెలుసు.
రోజుకి రెండుసార్లు ఏరు వెనక్కి నడుస్తుంది.
పైకి పోయేవాడు పోటు కోసం ఆగాలి.
ఆయన ఆగడు.
"ఎదురు తెడ్డెయ్యి పెండిల్,
రాజుగారు కళ్లు తెరిచేసరికి
నేను గుమ్మంలో కనపడాలి."
నా అరచేతుల్లో కాయలన్నీ
ఆయన తొందర్లే.

పదేళ్లకి ఐదో పలక మునిగింది.
ముఖమల్ దిండ్లు, రాగి కుంపటి,
ఇద్దరు గుమాస్తాలు,
లక్క కరిగించడానికి ఒక తుమ్ముల కుర్రాడు.
రాజముద్ర ఉన్న సంచీని
చంటిబిడ్డలా మోకాళ్ల మీదే పెట్టుకునేవాడు.
ఎసెక్స్ చిత్తడి నేలలు, వాటి మీది గొర్రెలు,
పాడుపెట్టిన మఠం కప్పు మీది సీసం
ఆయన పేరున కాగితాలయ్యాయి.
కాగితం బరువెంతని అడిగేవాడు
ఒక్కసారి నా తెడ్డు పట్టాలి.

నేనూ కొలువు నేర్చాను.
రెండు మాటలు విని
మూడోది వినకపోవడం నా విద్య.
స్పెయిన్ రాయబారి నారింజలు పంపితే
వాసన చూసి నాకిచ్చేసేవాడు.
"తొక్కలు ఏట్లో వెయ్యకు," అనేవాడు,
"తేలుతాయి."

నవంబరు రాత్రి ఒకటుంది. చెప్పకపోతే బావుణ్ను.
ముసలి లార్డ్ వేల్‌హర్స్ట్‌ని
నా పడవలోనే కోటకి తీసుకెళ్లాం,
నీటి గుమ్మం వైపు.
ఆ మొదటి రోజు ఉత్తరం
ఆయన రాసిచ్చిందే.
ఈ రాత్రి కాగితం మీద సంతకం దొరది.
వంతెన కమానుల కింద ఏరు ఉరుముతోంది,
ఒకరికెదురుగా ఒకరు, మోకాళ్లు తగిలేంత దగ్గర.
ముసలాయన వణుకుతుంటే
దొర కాలితో
కుంపటిని అటువైపు నెట్టాడు.
అంతే. మాటల్లేవు.
ఏరు దాటి తెప్ప తగలేశారంటారు,
తెప్పకి చలేస్తుందని
నాకెవరూ చెప్పలేదు.

తర్వాత రాజు పోయాడు.
కొత్త రాజు పిల్లవాడు,
వేటకుక్కలకి పేర్లు పెట్టడం ఇష్టం,
లెక్కల పుస్తకం తెరిస్తే ఆవలింత.
దొర తల తియ్యలేదు.
అంత పట్టించుకోలేదు.
పిలుపు రాలేదు, ఆ వారం,
ఆ పై వారం, శీతాకాలమంతా.

అయినా తెల్లవారకముందే రేవుకొచ్చేవాడు,
బొచ్చు అంగీ, బంగారు గొలుసు,
కొత్త గంజి.
తీసుకెళ్లేవాణ్ని.
రాజభవనం మెట్ల దగ్గర బల్లెం పట్టుకున్న కుర్రాడు
"పేరు?" అనేవాడు.
"ఎవరార్డ్ థ్రాప్."
జాబితా పైనుంచి కిందికి, కింద నుంచి పైకి.
"లేదండీ."
వెనక్కి తిప్పేవాణ్ని.
గుమాస్తాలు ఎప్పుడో దిగిపోయారు.
దిండ్లు అమ్ముడుపోయాయి.
మళ్లీ మూడో పలక.
ఓడలు బళ్లవుతాయని మా నాన్న అనేవాడు గానీ
నా పడవ పడవలాగే ఉంది,
తేలిగ్గా, సిగ్గు లేకుండా.

ఒక ఉదయం ఆటు సమయం, ఒడ్డంతా బురద.
"పోటు ఎప్పుడు, పెండిల్?"
ముప్పై ఏళ్లలో మొదటిసారి అడిగాడు.
"గంట పడుతుంది దొరా."
"ఆగుదాం."

ఆగాం.
కొంగ ఒకటి ఈలుచేపని
మింగలేక వదల్లేక అవస్థ పడుతోంది.
దొర వంగి,
పలక మీద ఎండిన పచ్చటి నాచు గీతని
గోటితో గీకాడు.
ఆ గీతకీ నీటికీ మధ్య
జానెడు దూరం.
"ఇంత పైకొచ్చిందా?" అన్నాడు.
"వచ్చింది దొరా."
"నాకు తెలీలేదు."
"మీరు ముందుకి చూస్తూ కూర్చునేవారు.
తెడ్డేసేవాడే వెనక్కి చూస్తాడు."

ఏడాదిన్నర జీతం బాకీ.
ఆ రోజు అడుగుదామనే ఉంది.
గొంతు సవరించుకునేసరికి
పోటు వచ్చేసింది.